డబ్ల్యూ/ఓ అంటే వైఫ్ ఆఫ్ కాదా? ఆఫీసు మెయిల్స్‌లో ఇంగ్లిష్ పొట్టి మాటల గోల, కాస్త చెప్పండి

మిర్చిఘాటు_గుంటూరు:
అందరికీ నమస్తే అండి. గుంటూరులో ఒక మిర్చి ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో డాక్యుమెంట్ల సెక్షన్‌లో కొత్తగా చేరాను. సరుకు సంగతి నాకు బాగానే తెలుసు, మా నాన్న మిర్చి యార్డులో దడవాయి (తూకం వేసే మనిషి), చిన్నప్పట్నించి టిక్కీల (మిర్చి బస్తాల) మధ్యే తిరిగా, మిర్చి రకాల్లో తేజ ఏదో 334 ఏదో డీడీ ఏదో రంగు చూసి చెప్పేస్తా. తంటా అంతా ఇంగ్లిష్ మెయిల్స్‌తోనే. మాట పూర్తిగా రాస్తే అర్థమైపోతుంది, డిగ్రీ దాకా చదివా కదా, కానీ వీళ్ళు ఏదీ పూర్తిగా రాయరే, రెండక్షరాలు ఒక చుక్క, లేకపోతే రెండక్షరాలు మధ్యలో ఒక గీత, అంతే.

మొన్న ఒక అమెరికా బయ్యర్ పంపిన షీట్‌లో తేజ డబ్ల్యూ/ఓ స్టెమ్ అని ఉంది. మా అమ్మ ఆధార్ మీద, పొలం కాగితాల మీద డబ్ల్యూ/ఓ అంటే వైఫ్ ఆఫ్ అనే చూశాం పుట్టినప్పట్నించి. ఇదేంటక్కా అని పక్క సీటు అక్కని అడిగితే "తేజమ్మ గారి ఆయన పేరు స్టెమ్ అంటలే" అని ఆఫీసు మొత్తానికి వినపడేలా నవ్వింది. వితౌట్ అట, తొడిమ తీసిన కాయ కావాలని అర్థం అట.

ఇది నవ్వుకునేది, రెండోది మాత్రం నవ్వులాట కాదు. ఇంకో బయ్యర్ "రంగు బాగా ఉన్న రకాల శాంపిల్స్ పంపండి, ఇ.జి. బ్యాడిగి" అని రాశాడు. మా సీనియర్ ఒక్క బ్యాడిగి మాత్రమే ప్యాక్ చేయించి పంపించాడు. మిగతా రకాలేవి అని వాళ్ళు మళ్ళీ మెయిల్ పెట్టారు. సీనియర్ ఏమో ఐ.ఇ. అన్నా ఇ.జి. అన్నా ఒకటే, రెండూ "అంటే" అనే అర్థం, ఇన్నేళ్ళు నేను అలాగే రాస్తున్నా అంటాడు. ఆయనతో వాదించేంత ఇంగ్లిష్ నా దగ్గర లేదు.

ఇంకా చిన్నచిన్నవి చాలా ఉన్నాయి, చుక్కలు పెట్టాలా వద్దా, క్యాపిటల్సా స్మాలా, ముందు ఎ పెట్టాలా యాన్ పెట్టాలా. వీటికి ఏమన్నా పద్ధతి ఉందా లేక ఎవడిష్టం వాడిదా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

డెస్క్_బెజవాడ:
మీ సీనియర్ గారిది తప్పండి, నిర్మొహమాటంగా చెప్తున్నా. రెండూ లాటిన్ నుంచి వచ్చినవే, వాటి చుట్టరికం అంతవరకే. ఐ.ఇ. పూర్తి రూపం ఇడ్ ఎస్ట్, "అంటే", "అదేమిటంటే" అని. ఇ.జి. పూర్తి రూపం ఎగ్జెంప్లి గ్రాషియా, "ఉదాహరణకి" అని. ఐ.ఇ. రాస్తే తలుపు మూసేసినట్టే, ముందు చెప్పిందీ వెనక చెప్పిందీ ఒకటే, ఇంక వేరేది లేదు. ఇ.జి. రాస్తే ఇంకా ఉన్నాయి, మచ్చుకి ఒకటి చెప్పా అని. "బెజవాడ మెయిన్ బస్టాండు, ఐ.ఇ. పీఎన్‌బీఎస్ (పండిట్ నెహ్రూ బస్ స్టేషన్)" అనొచ్చు ఎందుకంటే అదొక్కటే కాబట్టి. "బెజవాడలో పాత మార్కెట్లు, ఇ.జి. వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్" అనాలి, అక్కడ ఐ.ఇ. పెడితే ఊళ్ళో ఇంకో మార్కెట్టే లేదన్నట్టు అవుద్ది. మీ బయ్యర్ కరెక్టుగానే రాశాడు, బ్యాడిగి లాంటివి ఏమేం ఉన్నాయో అన్నీ చూపించమన్నాడు.

రాసేటప్పుడు అనుమానం వస్తే ఆ చోట తెలుగులో "అంటే" పెట్టి ఒకసారి, "ఉదాహరణకి" పెట్టి ఒకసారి చదూకోండి, ఏది అతుకుతుందో చెవికే తెలిసిపోద్ది. అది కూడా ఎందుకులే అనుకుంటే పొట్టి రూపం మానేసి దట్ ఈజ్ అనో ఫర్ ఎగ్జాంపుల్ అనో పూర్తిగా రాసేయండి, ఎవడూ వద్దనడు. నిజానికి నేను డెస్క్‌లో కూర్చుని వేరేవాళ్ళ కాపీ దిద్దేటప్పుడు సగం చోట్ల చేసే పని ఇదే.

ఎట్సెట్రా సంగతి మీరు అడగలేదు గానీ దాని మీద నాకు చాలా కోపం ఉంది కాబట్టి చెప్తా. ఎట్ అంటేనే "మరియు", సెట్రా అంటే "మిగతావి". కాబట్టి దాని ముందు అండ్ అక్కర్లేదు. ఇ.జి.తో మొదలుపెట్టిన లిస్టు చివర ఎట్సెట్రా కూడా అక్కర్లేదు, మచ్చుకి అని మొదట్లోనే చెప్పావు కదా మళ్ళీ వగైరా ఎందుకు. మనవాళ్ళు ఇంకో పని చేస్తారు, ఒకే ఒక్క వస్తువు పేరు రాసి పక్కన ఎట్సెట్రా పడేస్తారు. "బిల్ ఎట్సెట్రా పంపండి" అంటే అవతలవాడు ఏం పంపాలి? కనీసం రెండు మూడు రాస్తే అవి ఏ జాతివో తెలిసి మిగతావి ఊహించుకుంటాడు.

చుక్కల గురించి: ఒకే రూలు లేదు, రెండు అలవాట్లు ఉన్నాయి. అమెరికా వాళ్ళు ఐ.ఇ., ఇ.జి.లకి చుక్కలు పెట్టి తర్వాత కామా కూడా పెడతారు. బ్రిటన్‌లో కామా పెద్దగా పెట్టరు, గార్డియన్ పత్రిక అయితే చుక్కలు కూడా తీసేసింది. మిస్టర్, డాక్టర్‌లకి బ్రిటిష్ వాళ్ళ లెక్క ఒకటుంది, పొట్టి రూపంలో మాట చివరి అక్షరం మిగిలి ఉంటే చుక్క వద్దు, అందుకే డీఆర్ అని చుక్క లేకుండా. చివరి అక్షరం తెగిపోతే చుక్క కావాలి, ప్రొఫెసర్‌ని పి.ఆర్.ఓ.ఎఫ్ దగ్గర ఆపేస్తే అక్కడ చుక్క. అమెరికాలో ఈ తేడా లేదు, అన్నిటికీ చుక్కే. మీ బయ్యర్ ఏ దేశంవాడైతే ఆ పద్ధతి పట్టుకోండి, ఒకే మెయిల్‌లో రెండూ కలపకండి చాలు.

మందులకొట్టు_కొత్తపేట:
గుంటూరు కొత్తపేటలో మందుల షాపు మాది. డబ్ల్యూ/ఓ చూసి నవ్వొచ్చింది గానీ మా దగ్గర ఇలాంటివి నవ్వుకునే రకం కాదండి. చీటీ మీద ఓడీ అంటే రోజుకి ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్‌ఎస్ అంటే పడుకోబోయే ముందు, ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. ఇవి కూడా లాటినే, టీడీఎస్ అంటే తెర్ డియె సుమెండుం. మా షాపు లెక్కలు చూసే ఆడిటర్ గారికి మాత్రం టీడీఎస్ అంటే జీతంలో కోసే పన్ను. అదే ఓడీ కంటి డాక్టర్ చీటీ మీద ఉంటే కుడి కన్ను. అదే ఎస్‌ఓఎస్ సముద్రంలో ఓడవాడు పంపితే ఇంకో సంగతి. అక్షరాలు అవే, ఎవరు రాశారు ఎవరు చదువుతున్నారు అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతా ఉంటది.

అన్నిట్లోకీ ప్రమాదం ఏంటంటే యూనిట్‌కి బదులు ఒక్క యు రాయడం. ఇన్సులిన్ 10 పక్కన యు రాసి ఆ యు పైన కాస్త మూసుకుపోతే 100 లాగా కనపడుద్ది. అందుకే అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ వాడకూడని పొట్టి రూపాలు అని 2004లో ఒక లిస్టు పెట్టింది, అందులో ఈ యు ఉంది, యూనిట్ అని పూర్తిగా రాయాల్సిందే. 5.0 అని సున్నా తగిలించడం కూడా వద్దంది, చుక్క కనపడకపోతే అది 50. అనుమానం ఉన్న చీటీ వస్తే నేను డాక్టర్ గారి క్లినిక్‌కి ఫోన్ కొట్టాకే మందు ఇస్తా, పేషెంటు విసుక్కున్నా సరే.

తెనాలి_మాస్టారు:
అమ్మాయీ, నేను తెనాలిలో ఇంగ్లిష్ చెప్పి రిటైర్ అయినవాణ్ణి. నువ్వు ఎ, యాన్ అడిగావు, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. రాసిన అక్షరం కాదమ్మా, నోట్లో పలికిన శబ్దం చూడాలి. ఎం, ఎల్, ఎస్, ఎఫ్, ఆర్ ఇవన్నీ హల్లులే గానీ వాటి పేర్లు పలికితే మొదట వచ్చేది అచ్చు. అందుకని యాన్ ఎమ్మెల్యే, యాన్ ఎల్‌ఐసీ పాలసీ, యాన్ ఎస్సై, యాన్ ఎఫ్‌ఐఆర్, యాన్ ఆర్టీసీ బస్. యు చూడ్డానికి అచ్చు, పలికితే య వస్తుంది, కాబట్టి ఎ యూపీఐ పేమెంట్, ఎ యూఎస్ బయ్యర్. అక్షరాలు విడివిడిగా కాకుండా మాటలాగా కలిపి చదివేవి ఉంటాయి, నాసా, నీట్ లాంటివి. ఎ నీట్ ర్యాంక్ అనాలి, యాన్ ఎన్నారై అనాలి, రెండూ ఎన్‌తోనే మొదలైనా సరే.

ఇక్కడ మన తెలుగువాళ్ళకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనం ఆ ఎనిమిదో అక్షరాన్ని హెచ్ అంటాం. ఇంగ్లిష్‌లో ప్రామాణికంగా దాని పేరు ఎయిచ్, మొదట హ లేదు. అందుకే మనవాడు ఎ హెచ్‌ఆర్ మేనేజర్ అని రాస్తే బయటివాళ్ళ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, యాన్ రాయాలి. బళ్ళో ముప్పై మంది పిల్లల్లో ఇరవై తొమ్మిది మంది ఇక్కడ ఎ పెట్టేవాళ్ళు, ఆ ఒక్కడు ఎవణ్ణో చూసి రాసేవాడు.

బహువచనానికి ఊరికే చిన్న ఎస్ తగిలిస్తే చాలు, అపాస్ట్రఫీ వద్దు. ఫ్లెక్సీల మీద ఎమ్మెల్యేస్ అని అపాస్ట్రఫీ కొట్టి రాస్తారు, దానికి ఎమ్మెల్యేలు అని కాదు, ఎమ్మెల్యే గారి అని అర్థం. ఎమ్మెల్యే గారి ఏమిటో ఫ్లెక్సీలో వెతుక్కోవాలి.

చివరగా ఒక మాట, ఈ పీఎల్‌జడ్, టీహెచ్‌ఎక్స్, ఓఎంజీ అని రాసే కుర్రకారు భాషని దయచేసి ఆఫీసు మెయిల్‌లోకి రానివ్వకు. నిన్నగాక మొన్న ఫోన్లతో పుట్టిన తెగులు అది.

బెంజిసర్కిల్_బాబాయ్:
మాస్టారూ మీమీద గౌరవంతోనే చెప్తున్నా, ఓఎంజీ నిన్న మొన్నటిది కాదండి. 1917లో బ్రిటన్ నౌకాదళం అడ్మిరల్ ఫిషర్ గారు చర్చిల్‌కి రాసిన ఉత్తరంలో ఉంది ఆ మూడక్షరాలు, పక్కనే దాని అర్థం కూడా ఆయనే రాశాడు. మనమంతా రోజూ వాడే ఓకే అయితే ఇంకా పాతది, 1839లో బోస్టన్ పేపర్లో ఆల్ కరెక్ట్ అనే మాటని కావాలని తప్పు స్పెల్లింగ్‌తో రాసి దాన్ని పొట్టి చేశారు. అంటే అప్పటి కుర్రకారు వెటకారం ఇవాళ బ్యాంకు మేనేజర్లు వాడుతున్నారు 😀 ఆఫీసు మెయిల్‌లో వద్దన్నారు చూడండి, దానికి మాత్రం ఒప్పుకుంటా.

మనోళ్ళ ఇంకో సరదా ఉంది, పొట్టి మాటలో ఉన్నదాన్నే మళ్ళీ తగిలించడం. ఏటీఎం మెషీన్ అంటాం, ఎం అంటేనే మెషీన్. పిన్ నంబర్, పాన్ నంబర్ అంటాం, చివరి ఎన్ అంటేనే నంబర్. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో సీ అంటే కోడే. మాటల్లో అయితే ఎవరూ పట్టించుకోరు గానీ మెయిల్‌లో "ప్లీజ్ పీఎఫ్‌ఏ" అని రాస్తే, పీఎఫ్‌ఏ అంటేనే ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్ కదా, ప్లీజ్ ప్లీజ్ అని రెండుసార్లు బతిమాలినట్టు ఉంటది. పెళ్ళి కార్డుల్లో ప్లీజ్ ఆర్‌ఎస్‌వీపీ కూడా అంతే, ఆ ఫ్రెంచి ముక్కలో దయచేసి అన్నది ఉండనే ఉంది. పీఎఫ్‌ఏ మన ఇండియా ఆఫీసుల్లో చెల్లుద్దిగానీ బయటివాళ్ళు చాలామంది బుర్ర గోక్కుంటారు, అటాచ్ చేశాను అని ఒక మామూలు వాక్యం రాస్తే పోయేదేం లేదు.

కంటైనర్_అన్న:
చెల్లెమ్మా, నేను విజయవాడలో కస్టమ్స్ క్లియరింగ్ పనిలో ఉన్నా, నీ లైన్‌కి దగ్గరోణ్ణి కాబట్టి గ్రామర్ వాళ్ళకి వదిలేసి సరుకు సంగతి చెప్తా.

ఎంటీ జాగ్రత్త. నీ ఇన్వాయిస్‌లో 14 ఎంటీ అంటే 14 మెట్రిక్ టన్నులు. కంటైనర్ యార్డ్ వాడి మెసేజ్‌లో ఎంటీ అంటే ఖాళీ డబ్బా, ఇంగ్లిష్‌లో ఎంప్టీ అన్న మాటని పలికినట్టే రెండక్షరాల్లో రాస్తారు. ఎంటీ రిటర్న్ అని వస్తే మన టన్నులు వెనక్కి వస్తున్నాయేమో అని కంగారు పడకు, ఖాళీ కంటైనర్ తిరిగి అప్పజెప్పడం అది. యార్డులో డీడీ అంటే దేవనూరు డీలక్స్, బ్యాంకులో డీడీ అంటే డిమాండ్ డ్రాఫ్ట్, నీకు చెప్పక్కర్లేదు అనుకో, అలాంటిదే ఇది కూడా.

రేట్ రాసేటప్పుడు ఎఫ్‌ఓబీ (ఫ్రీ ఆన్ బోర్డ్), సీఐఎఫ్ (కాస్ట్, ఇన్సూరెన్స్, ఫ్రైట్) ఎప్పుడూ ఒంటరిగా రాయకు, పక్కన రేవు పేరు ఉండాలి. ఎఫ్‌ఓబీ పక్కన మనం ఎక్కించే రేవు, ఎఫ్‌ఓబీ చెన్నై అన్నట్టు, అంటే ఓడ మీదికి ఎక్కించేదాకా ఖర్చు మనది. సీఐఎఫ్ పక్కన వాళ్ళు దింపుకునే రేవు, అక్కడిదాకా ఓడ కిరాయి ఇన్సూరెన్స్ మన రేట్‌లో కలిసి ఉంటాయి. రేవు పేరు లేకపోతే రేట్ ఎక్కడిదాకో తేలదు, గొడవలు అక్కడే మొదలవుతాయి. ఇవి మనం సరదాగా పొట్టి చేసుకున్న మాటలు కాదు, ప్యారిస్‌లో ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ అని ఉంది, వాళ్ళ ఇన్‌కోటెర్మ్స్ అనే రూల్స్‌లో ఒక్కోదానికి అర్థం రాసి పెట్టారు, ఇప్పుడు నడిచేది 2020 ఎడిషన్, అందుకే కాంట్రాక్ట్‌లో ఇన్‌కోటెర్మ్స్ 2020 అని కూడా రాస్తాం. ఇంకో విషయం, కంటైనర్ సరుకుకి ఎఫ్‌ఓబీ కన్నా ఎఫ్‌సీఏ (ఫ్రీ క్యారియర్) సరైందని ఆ ఛాంబర్ వాళ్ళే చెప్తారు ఎందుకంటే డబ్బాని ఓడ దగ్గర కాదు ముందే టెర్మినల్‌లో అప్పజెప్పేస్తాం కదా, కానీ మన దగ్గర అలవాటు కొద్దీ అందరూ ఎఫ్‌ఓబీయే లాగిస్తున్నారు.

తేదీలు కూడా చూస్కో. 05/06 అంటే మనకి జూన్ 5, అమెరికావాడికి మే 6. నెల పేరు అక్షరాల్లో రాయి, మూడక్షరాలు చాలు. డబ్బుకి ఆర్‌ఎస్ కాదు ఐఎన్‌ఆర్ రాయి, బయటివాడికి అదే తెలుసు. ఎల్ అని లక్షలకి, సీఆర్ అని కోట్లకి అస్సలు వాడకు, సీఆర్ చూస్తే వాళ్ళ అకౌంటెంట్ క్రెడిట్ అనుకుంటాడు.

మిర్చిఘాటు_గుంటూరు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి, మాస్టారూ మీకు ప్రత్యేకంగా. హెచ్ సంగతి చదివి ఇప్పుడు ఆఫీసులో అందరం ఎయిచ్ ఎయిచ్ అని ప్రాక్టీస్ చేస్తున్నాం. డెస్క్ గారు రాసింది సీనియర్‌కి చూపించా, ఏమీ అనలేదు, సాయంత్రానికి మిగతా రకాల శాంపిల్స్ ప్యాక్ చేయించమని గోడౌన్‌కి ఫోన్ చేశాడు.

ఒక్క డౌటు మిగిలింది. మొదటిసారి ఒక పొట్టి మాట వస్తే పూర్తిగా రాయాలా? ప్రతిసారీ రాస్తే మెయిల్ చాంతాడంత అవుతుంది. ఇంకా మా టిక్కీల మీద స్టెన్సిల్‌తో 25 కేజీఎస్ అని క్యాపిటల్ కె వేసి కొడతారు, అది కరెక్టేనా?

డెస్క్_బెజవాడ:
మొదటిసారి పూర్తిగా రాసి పక్కన బ్రాకెట్లో పొట్టి రూపం పెట్టండి, ఆ తర్వాత పొట్టిదే వాడుకోండి. ఒకే ఒక్కసారి వచ్చే మాట అయితే పొట్టి రూపం ఇవ్వనే అక్కర్లేదు. పీడీఎఫ్, ఏటీఎం లాంటి అందరికీ తెలిసినవి విప్పక్కర్లేదు. మన ఊరికి మాత్రమే తెలిసినవి తప్పకుండా విప్పాలి. మీ గుంటూరులోనే జీఎంసీ అంటే మెడికల్ కాలేజీనా మున్సిపల్ కార్పొరేషనా అని ఆటో అతను వెనక్కి తిరిగి అడుగుతాడు, అమెరికాలో ఉన్నవాడు ఎవర్ని అడుగుతాడు? రైల్వేవాళ్ళు ఇప్పటికీ విజయవాడకి బీజడ్‌ఏ అనే రాస్తారు, పాత బెజవాడ స్పెల్లింగ్ నుంచి వచ్చింది, ఇక్కడివాడికి కాకపోతే ఎవరికి తడుతుంది అది.

కేజీ సంగతి: రెండూ స్మాల్ లెటర్సే, చివర ఎస్ వద్దు, చుక్క వద్దు. అవి పొట్టి మాటలు కాదు, గుర్తులు, 1 అయినా 25 అయినా మారవు. క్యాపిటల్ కె ఒక్కటీ రాస్తే అది కెల్విన్, వేడి కొలిచేది. గ్రాముకి కూడా జీఎం, జీఎంఎస్ కాదు, ఒక్క చిన్న జీ. మన దేశంలో అమ్మే ప్యాకెట్లకి 2011 నాటి లీగల్ మెట్రాలజీ రూల్స్ ఉన్నాయి, బయటికి పంపేదానికి ఆ దేశం రూలు బయ్యర్‌ని అడగండి. కొత్త స్టెన్సిల్ కోయించేటప్పుడు 25కి కేజీకి మధ్య ఒక అక్షరం పట్టేంత ఖాళీ వదలమనండి, అది కూడా పద్ధతిలో భాగమే.

కంటైనర్_అన్న:
స్టెన్సిల్ మారిస్తే ప్యాకింగ్ లిస్ట్‌లో, ఇన్వాయిస్‌లో కూడా అలాగే మార్చు చెల్లెమ్మా, టిక్కీ మీద ఒకటి కాగితం మీద ఒకటి ఉంటే చెకింగ్‌లో అడుగుతారు. పాత స్టెన్సిల్‌తో కొట్టిన సంచులు ఎన్ని మిగిలాయో గోడౌన్‌లో ముందు లెక్క చూస్కో, అవి అయ్యాకే మార్చు.